పక్కవాణ్ణి చూసి నమాజ్

పోయిన వారం నన్ను ఎక్కడ వదిలేసి వెళ్లారో గుర్తుందా? బౌషర్‌లో మా ఫ్లాట్ హాల్లో, నమాజ్‌కి పరిచిన రెండు జానమాజుల ఎదురుగా నిలబడి ఉన్నాను. వారం రోజులుగా అక్కడే ఉన్నాను. మీరేమో హాయిగా తిని పడుకున్నారు.

ఈ వారమే కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నా పేరు జహీరుద్దీన్. మాది ప్రొద్దుటూరు. ఇక్కడ గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కుని. నలభై ఏడేళ్ల వయసొచ్చినా పండక్కి తప్ప నమాజ్‌కి పోని మనిషిని. నెల కిందట ఓ బిల్డింగ్ ఏడో అంతస్తులో ఏసీ బిగిస్తుంటే కాలు జారింది. ఇనుప స్టాండు పట్టుకుని గాల్లో వేలాడాను. కింద కార్లు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే ‘అల్లా’ అన్న పేరు తప్ప ఇంకో ముక్క నోటికి రాలేదు. పైకి లాగిన తర్వాత భయం కంటే ఎక్కువగా సిగ్గేసింది.

ఆ రోజే ఊరికి ఫోన్ చేసి మా ఆవిడ అక్తరీ బేగంతో, “నమాజ్ మొదలుపెడతాండా” అన్నాను. ఆమె చెప్పింది: “నలభై రోజులు ఒక్క పూట తప్పకుండా చదవండి. అప్పుడు మీతో ఉమ్రా యాత్రకి బస్సెక్కుతా.” బస్సులో రెండు సీట్లు చెప్పి పెట్టాను. ఇంకో పది రోజుల్లో బయల్దేరుతుంది. ముప్పై ఒకటో రోజున, అంటే ఇవాళ శుక్రవారం పొద్దున, అక్తరీ విజిట్ వీసా మీద దిగింది. సాయంత్రం అసర్ నమాజ్ వేళకి హాల్లో ఒక జానమాజ్ ముందు, ఒకటి వెనక పరిచి, కళ్లు మెరుస్తుంటే, “చలో జీ, ఈ ఒక్క పూట ఇంట్లో మీరే చదివించండి. మీ వెనకాల నిలబడతా” అంది.

అక్కడ ఆగాం కదా.

అసలు చిక్కేమిటంటే, నాకు నమాజ్ రాదు.

అబద్ధం ఆడలేదండోయ్! ముప్పై రోజులూ ఐదు పూటలూ సందు చివరి చిన్న మసీదుకి పోయాను. వంగాను, లేచాను, నుదురు నేలకి ఆనించాను. అంతా పక్కన నిలబడే ముసలాయన ఖల్ఫాన్ బాబాని చూసే. ఆయన ఏం చేస్తే అది. లోపల చదవాల్సిన చోట, ఖురాన్ మొదటి అధ్యాయం అల్హమ్దులో నాకొచ్చిన మొదటి మూడు వాక్యాలనే తిప్పి తిప్పి చదివేవాణ్ణి. ఇప్పుడు ముందర గోడ, వెనక పెళ్లాం. చూసి చేద్దామంటే ఎవరున్నారు?

అంతలో ఓ సంగతి గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఇది అసర్! పొద్దుగూకాక చదివే మగ్రిబ్ అయితే పైకి చదవాలి, చచ్చేవాణ్ణి. అసర్ మొత్తం లోలోపలే. రకాత్ అంటే నిలబడి, వంగి, నుదురు ఆనించే ఒక వరస; అలాంటివి నాలుగు, పెదాలు కదిపితే చాలు. దేవుడు నా వైపే ఉన్నాడనుకుని, ఛాతీ విరుచుకుని ముందు జానమాజ్ ఎక్కాను.

“అల్లాహు అక్బర్!” అని ఇల్లు దద్దరిల్లేలా అన్నాను.

నాలుగు రకాతులు పూర్తి చేసి, మెడ అటూ ఇటూ తిప్పి సలాం చెప్పి, ఎంత బాగా చేశానో కదా అని మురుస్తూ వెనక్కి తిరిగాను. అక్తరీ నా వంక చూడలేదు. మెల్లగా లేచి నిలబడి, చేతులు ఎత్తి, తన అసర్ తాను మళ్లీ మొదటి నుంచి చదువుకోవడం మొదలుపెట్టింది.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఏడో అంతస్తు నుంచి పడ్డా ఇంత దెబ్బ తగిలేది కాదనిపించింది.

ఆమె ముగించేదాకా సోఫా అంచున కూర్చున్నాను. మా ఆవిడ సంగతి మీకు చెప్పాలి. ఆమెకి ప్రేమొస్తే ఉర్దూ, కోపమొస్తే తెలుగు. జానమాజ్ మడతపెడుతూ ఏ భాషలో నోరు తెరుస్తుందా అని చెవులు రిక్కించాను.

“ఏమయ్యా,” అంది.

అయిపోయింది. తెలుగు!

“చేతులకేమైనా దెబ్బ తగిలిందా?”

“లేదే. ఏం?”

“మరి చేతులు కట్టుకోకుండా కిందికి వదిలేసినారేమి? స్కూల్లో జనగణమనకి నిలబడినట్ల నిలబడినారు. నడుములు పట్టేసినాయేమో, పోనీలే అనుకున్నా. ఇంకొకటి అడుగుతా, నిజం చెప్పండి. నాలుగు రకాతుల్లో ఎనిమిది సార్లు కుడిపక్కకి తొంగి చూసినారు. ఆ పక్కన ఏముంది?”

కుడిపక్కకి చూశాను. ఫ్రిజ్ ఉంది.

“ఫ్రిజ్ ఉంది,” అన్నాను.

“ఫ్రిజ్ చెప్తాందా మీకు నమాజ్?”

తప్పు మనదైనప్పుడు గొంతు పెంచడం మగవాడికి పుట్టుకతో వచ్చిన విద్య. పెంచాను. “ఏందే నీ సోద్యం! నెల రోజులుగా నాలుగున్నరకి లేచి మసీదుకి పోతాండా. డ్యూటీ ఆపుకుని, ఎండలో పరిగెత్తుకుని వచ్చి చదివినా. వచ్చీ రాగానే పరీక్ష పెడతావా?”

“పరీక్షే. అల్హమ్దు చదవండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఏడు వాక్యాలు. మన వీధిలో ఆరేళ్ల పిల్లోళ్లు చదువుతారు.”

చదివాను. మొదటి వాక్యం బాగా వచ్చింది. రెండోది పర్లేదు. మూడోది కూడా గట్టెక్కింది. నాలుగో దగ్గర ఆగి దగ్గాను. నీళ్లు తాగాను. ఏసీ రిమోట్ తీసుకుని టెంపరేచర్ తగ్గించాను. అక్తరీ కదలకుండా చూస్తూనే ఉంది.

“ఆ పైన?”

“ఆ పైన రాదు,” అన్నాను.

హాల్లో ఏసీ గుర్రుమంది. ఆ ఏసీ నేను బాగు చేసిందే, అసలు చప్పుడు రాకూడదు. అది వేరే సంగతి.

“మొత్తం చెప్పండి,” అంది, నా ఎదురుగా నేల మీద కూర్చుంటూ.

చెప్పాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా దాచింది ఐదు నిమిషాల్లో కక్కేశాను. ఎనిమిదేళ్ల వయసులో మదర్సాకి పంపారు. నేను సైకిల్ బాగా తొక్కుతానని హజ్రత్, అదే అక్కడి పంతులు, కనిపెట్టాడు. పాఠం మొదలయ్యే వేళకే ఆయనకి తమలపాకులు గుర్తొచ్చేవి. “జహీర్, చెన్నూరు ఆకు దొరికే కొట్టుకి పోయి రా బేటా” అనేవాడు. మిగతా పిల్లలు ఖురాన్ చదివారు. నేను తమలపాకులు మోశాను. రెండేళ్లకి నాయన పోయాడు, సైకిల్ షాపులో చేరాను, అంతటితో ఆగిపోయింది. పండగ నమాజుల్లో పక్కవాణ్ణి చూసి వంగడం, లేవడం అలవాటైపోయింది. అంతమందిలో ఎవరికి తెలుస్తుంది?

“నలభై ఏడేండ్ల మొగోడు, గడ్డం కూడా పెంచినాక, ఎవరి దగ్గరికి పోయి నాకు నమాజ్ రాదయ్యా అని చెప్పాల?” అన్నాను. “ఖల్ఫాన్ బాబా మంచి భక్తుడు. ఆయన్ని చూసి చేస్తే తప్పు పోదనుకున్నా. ఆయన భక్తి నీకు తెలీదు. ఒక దినం మగ్రిబ్ అయినాక రెండు రకాతుల సున్నత్‌కి, అదే ఎవరికి వాళ్లు చదువుకునే అదనపు నమాజ్‌కి నిలబడి, ఏడు రకాతులు చదివినాడు! నేనూ చదివినా. మోకాళ్లు పట్టేసినాయి.”

అక్తరీ ముఖం చిట్లించింది. “సున్నత్ ఏడేంది? రెండంటే రెండే.”

“భక్తి, అక్తరీ. మనకి అర్థం కాదు.”

తిడుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకుంది. “వీధంతా చెప్పుకున్నా. మా ఆయన నమాజీ అయినాడని ఇంటింటికీ మిఠాయి పంచినా. పద్దెనిమిది మంది పిల్లోళ్లకి నేను అల్హమ్దు నేర్పిస్తా. నా ఇంట్లో మనిషికి రాదని నాకు తెలీకపాయె. రాదని నాకొక్క మాట చెప్పుంటే నేర్పకపోదునా? ఇరవై రెండేండ్లు!”

“సిగ్గేసింది.”

“నా ముందరనా?”

“నీ ముందరే ఎక్కువ.”

ఆమెకి నవ్వు రాబోయి ఆగింది. “ఇట్లయితే నేను బస్సెక్కను. కాబా ముందర నిలబడి కూడా పక్కోణ్ణి చూస్తారు మీరు. ఆడ పక్కన ఏ దేశమోడు ఉంటాడో ఏమో!”

సరిగ్గా అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే ఖల్ఫాన్ బాబా. డెబ్బై దాటిన మనిషి, కాళ్లదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, తలమీద కుట్టుపని టోపీ, ఒక చేతిలో హల్వా డబ్బా, ఇంకో చేతిలో కాఫీ ఫ్లాస్కు. మా ఆవిడ ఊరి నుంచి వచ్చిందని విన్నాడట, చూసిపోదామని వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్లు పోర్టులో మనవాళ్లతో పనిచేశాడు, కాబట్టి హిందీ గడగడా మాట్లాడతాడు. నేను తెలుగులో చెబుతున్నాను, మీరు హిందీలో వినండి.

అక్తరీ కొంగు తలమీదికి లాక్కుని సలాం చెప్పి, వంటింటి పరదా వెనక్కి పోయింది. పరదా వెనక నుంచి ఆమె కళ్లు నా వీపులో గుచ్చుకుంటున్నట్టే ఉంది.

బాబా కూర్చుని, చిన్న కప్పుల్లో కాఫీ పోసి, నిట్టూర్చాడు. “జహీర్, అసర్‌కి ఎందుకు రాలేదు? కొంప ముంచావు.”

“ఏమైంది బాబా?”

“మధ్యాహ్నం జుమ్మా నమాజ్ అవగానే మన ఇమామ్ వాళ్లమ్మకి బాగాలేదని సొంతూరు నిజ్వా పోయాడు. నువ్వు చదివించు, నీకు ఖురాన్ మొత్తం నోటికొచ్చు కదా అని అందరూ నన్ను ముందుకి తోశారు. వచ్చు, నిజమే. కానీ రకాతులు ఎన్నయ్యాయో గుర్తుండటం లేదు నాయనా. రెండేళ్లుగా ఇంతే. ఐదు చదివించాను! ఆరోదానికి లేస్తుంటే మొబైల్ షాపు కమ్రాన్ దగ్గు మొదలుపెట్టాడు. దగ్గు మందు ఇప్పిద్దామనుకున్నాను కానీ, లెక్క తప్పానని చెబుతున్నాడని నాకు అర్థమైతేనా!”

“మరి రోజూ సున్నత్‌లు ఎట్లా చదువుతున్నారు బాబా?” అని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

ఆయన పసిపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. “నీ పక్కన ఎందుకు నిలబడతాననుకున్నావు? నువ్వు పద్ధతైన మనిషివి. నువ్వు ఎన్ని చదివితే నేను అన్ని. నువ్వు ఆపితే ఆపుతాను. ఒకరోజు ఏడు దాకా పోయావు చూడు, అబ్బ! మోకాళ్లు విరిగిపోయాయి. అయినా ఏమన్నా అన్నానా? కుర్రాడికి భక్తి పొంగిందనుకున్నాను.”

పరదా వెనక ఏదో గిన్నె దభీమని కింద పడింది. ఆ తర్వాత అక్తరీ నవ్వు. ఆపుకోలేక, ఊపిరాడక, గోడకి జారబడి నవ్వుతున్న నవ్వు. పెళ్లయిన కొత్తలో విన్నాను, మళ్లీ ఇవాళే.

నాకు నవ్వు రాలేదు. నా భక్తుడు నన్ను చూశాడు, నేను నా భక్తుణ్ణి చూశాను, ఇద్దరికీ దారి తెలియక నెల రోజులు చేయీ చేయీ పట్టుకుని నడిచాం. ఇప్పుడు నోరు మూసుకుంటే బాబా నన్ను పద్ధతైన మనిషి అనుకుంటూనే ఉంటాడు. పరదా వైపు చూశాను. నవ్వు ఆగిపోయింది. అక్తరీ చూస్తోంది.

“బాబా,” అన్నాను, “నాకు నమాజ్ రాదు. నేను మిమ్మల్ని చూసి చేస్తున్నా.”

ఆయన కప్పు దించాడు. పెద్దగా నవ్వేస్తాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

“నన్ను చూసి చేశావా? అయ్యో, అందుకా చేతులు కిందికి వదిలేస్తావు! నేను ముస్లింలలో ఇబాదీ శాఖవాణ్ణి నాయనా, మేం అట్లాగే నిలబడతాం. మీ ఇంటి పద్ధతి చేతులు కట్టుకోవడం. నీ పెళ్లాం ఎట్లా నేర్పితే అట్లా నిలబడు. ఇద్దరం ఒకే కాబా వైపు తిరుగుతున్నాం కదా, చాలు.” కాస్త ఆగి అడిగాడు: “మూడు దాకా లెక్కపెట్టడం వచ్చా?”

“అదొచ్చు.”

“ఇంకేం మరి! ఇవాళ మగ్రిబ్ నేను చదివిస్తాను. మూడు రకాతులు. నువ్వు సరిగ్గా నా వెనకాల నిలబడు. లెక్క నీది. నేను నాలుగోదానికి లేస్తే గట్టిగా ‘సుబ్‌హానల్లా’ అను. నేను కూర్చుంటాను. నీకు రానిది నాకొచ్చు, నాకు రానిది నీకొచ్చు.”

ఆయన వెళ్లాక అక్తరీ బయటికొచ్చింది. నా ఎదురుగా నిలబడింది.

“ఆ మాట చెప్పినారు చూడండి, రాదని. ఈ నెల రోజుల్లో మీరు చేసిన అసలైన నమాజ్ అదే,” అంది. మళ్లీ వెంటనే పంతులమ్మ, అదే ఉస్తాదనీ, అయిపోయింది. “అయినా నా షరతు నాది. ఈ ఒక్క మగ్రిబ్ లెక్క తప్పకుండా నిలబడండి. పక్కకి చూడకుండా. మిగతాది తొమ్మిది దినాల్లో నేను నేర్పిస్తా, బస్సెక్కుతా. పక్కకి చూసినారో, ఆ బస్సు మీరొక్కరే ఎక్కండి. ఇప్పుడు మసీదుకి నేను కూడా వస్తా, ఆడోళ్ల గదిలో నిలబడతా.”

“ఆడోళ్లక్కూడా లెక్క తెలిస్తే నువ్వే సుబ్‌హానల్లా అనొచ్చు కదా,” అన్నాను ఆశగా.

“మగోళ్లు నోటితో చెప్పాల. తప్పు జరిగితే ఆడోళ్లు చప్పట్లు కొడతారు. ఇది కూడా తెలీదా? యా అల్లా!” అని సూట్‌కేసు తెరిచి, పిల్లలకి అరబ్బీ అక్షరాలు నేర్పే ఖాయిదా పుస్తకం తీసి నా ఒళ్లో పడేసింది. అట్ట మీద బొమ్మలున్నాయి. ఎవరో పిల్లాడు ఓ బొమ్మకి మీసాలు గీశాడు. చేతులు కట్టుకోవడం, ఎక్కడ ఏమనాలో మొదటి పాఠం, నాలుగో వాక్యం, ఐదో వాక్యం, గంటన్నరపాటు నడిచింది. రెండుసార్లు గరిటె ఎత్తింది కానీ కొట్టలేదు.

మగ్రిబ్‌కి మసీదులో పద్నాలుగు మందిమి. బాబా ముందు నిలబడి, వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పాడు: “నేను తప్పితే జహీర్ చెబుతాడు. ఇంకెవరూ చెప్పొద్దు. ముఖ్యంగా దగ్గులు వద్దు.” కమ్రాన్ తల దించుకున్నాడు. గోడ అవతల ఆడవాళ్ల గదిలోంచి అక్తరీ గాజుల చప్పుడు వినిపించింది.

అల్లాహు అక్బర్. చేతులు కట్టుకున్నాను. ఒకటి, అనుకున్నాను.

బాబా అల్హమ్దు అందుకున్నాడు. రోజూ విన్నదే, కానీ రోజూ నా కళ్లు పక్కన ఉండేవి, చెవులు పనిచేసేవి కావు. ఇవాళ పక్కకి చూడకూడదు కాబట్టి వినక తప్పింది కాదు. మొదటి వాక్యం, రెండోది, మూడోది, ఆ తర్వాత నాలుగోది వచ్చింది. గంట కిందట నేర్చుకున్నది! గుర్తుపట్టాను. ఐదోదీ గుర్తుపట్టాను. పరాయి ఊళ్లో మన వీధివాడు ఎదురైనట్టుంది. నుదురు నేలకి ఆనించినప్పుడు ఏడో అంతస్తు గుర్తొచ్చింది, ఆ రోజు దొరకని మాట ఇప్పుడు నోట్లో ఉంది. కళ్లల్లోంచి నీళ్లు కార్పెట్ మీద పడుతున్నాయి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లేచాం, వంగాం, కూర్చున్నాం, మళ్లీ లేచాం. నేను ఈ లోకంలో లేను.

అప్పుడు బాబా మోకాళ్ల మీద చేతులు ఆనించి పైకి లేవడం మొదలుపెట్టాడు.

లెక్క!

ఎన్నో రకాత్ ఇది? రెండు అయ్యాయా? మూడు అయ్యాయా? కూర్చున్నాం కదా, అది రెండు రకాతుల తర్వాత కూర్చోవడమా, నుదురు ఆనించే రెండు సజ్దాల నడుమ కూర్చోవడమా? ఒకటి దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత నమాజ్ చదివాను. జీవితంలో మొట్టమొదటిసారి నిజంగా నమాజ్ చదివిన రోజునే లెక్క పోగొట్టుకున్నాను!

బాబా నడుము లేచింది. మిగతా పన్నెండుమందీ నా నోటి మాట కోసం చూస్తున్నారు. కమ్రాన్ దగ్గు మింగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అలవాటుగా నా మెడ కుడివైపు తిరగబోయింది. పట్టి ఆపాను. చూడను. ఈసారి ఎవర్నీ చూడను.

“సుబ్‌హానల్లా!” అన్నాను.

మసీదు మారుమోగింది. బాబా సగం లేచినవాడు సగంలో ఆగాడు. ఆయన వెనక మేమంతా సగంలో ఆగాం.

అప్పుడు గోడ అవతల నుంచి, గాజుల గలగలతో, చప్పట్లు వినిపించాయి. ఒకసారి. గట్టిగా.

అది బాబా తప్పుకా, నా తప్పుకా? వచ్చే వారం దాకా నేనిలా సగం లేచే ఉంటాను, మీరు హాయిగా తిని పడుకోండి.